వేసవిలో బలం లేని హీరో

వేసవిలో బలం ఉండని సూపర్ హీరోని పిల్లల చానల్‌కి అమ్మబోయాను. అది ఎలా నడిచిందో రాస్తున్నాను. మా గోదారి జిల్లాల నుంచి బొమ్మలు గీసే పిల్లలు చాలామంది ఈ పనిలోకి వస్తున్నారు. గీయడం ఎవరైనా నేర్పుతారు, టీవీ వాళ్లు ఏం అడుగుతారో మాత్రం ఎవరూ చెప్పరు.

మాది అమలాపురం దగ్గర. హైదరాబాద్‌లో కొన్నేళ్లు స్టోరీబోర్డ్ ఆర్టిస్టుగా, అంటే కార్టూన్ సీన్లని ముందు వరస బొమ్మలుగా గీసే పని, చేసి, కరోనా టైమ్‌లో ఇంటికొచ్చి, ఇక్కడి నుంచే పని చేసుకుంటున్నాను. ఎవరెవరి హీరోలనో గీస్తుండగా నాకూ ఒకడు పుట్టాడు. పేరు గంగులు. లంక ఊళ్లో పడవ నడిపేవాళ్ల అబ్బాయి. గోదారి ఎంత పెరిగితే వాడికి అంత బలం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంకల్లో పిల్లలు ఈ అంకెలు వింటూనే పెరుగుతారు. గంగులు శక్తికీ ఆ మూడే మెట్లు. మొదటి హెచ్చరికకి నిండు పడవని ఒంటిచేత్తో లాగుతాడు. మూడోదానికి ఏటిగట్టు తెగకుండా వీపు ఆనించి నిలబడతాడు. ఎండాకాలంలో మాత్రం మామూలు పిల్లాడు, ఎవడు కొట్టినా ఏడుస్తాడు. 26 ఎపిసోడ్ల కథ రాశాను. ఏప్రిల్ ఎండల్లో మొదలై ఆగస్టు వరదతో పూర్తవుతుంది.

చానల్‌కి పంపాలంటే ముందు షో బైబిల్ తయారు చేయాలి. పాత్రల బొమ్మలు, వాళ్ల లోకం, పది పన్నెండు ఎపిసోడ్ల సారాంశాలు, ఒక పూర్తి స్క్రిప్టు ఉంటాయి అందులో. కుదిరితే రెండు మూడు నిమిషాల యానిమాటిక్ కూడా, అంటే స్టోరీబోర్డు బొమ్మలనే వరసగా కదిలించి గొంతులు పెట్టింది. ఇదంతా నాకు అలవాటైన పనే కాబట్టి సాగదీయను. పాత పరిచయాలతో ఒక చానల్లో ప్రోగ్రామింగ్, అంటే ఏ షో ఏ వేళకి వేయాలో చూసే ఆవిడతో వీడియో కాల్ దొరికింది. తెలుగావిడే, చాలాకాలంగా ముంబైలో ఉంటున్నారు.

బొమ్మలు నచ్చాయి. గంగులు నచ్చాడు. ఇంకో పావుగంట మాట్లాడితే పని అయిపోతుందని నేననుకుంటుంటే ఆవిడ అడిగారు:

"ఎపిసోడ్లు ఏ వరసలో వేసినా అర్థమవుతుందాండీ?"

అవదన్నాను. బలం మెట్టు మెట్టుగా పెరగడమే కథ అని చెప్పాను.

"మాకు వేసవి పెద్ద సీజను. కొత్తవన్నీ ఎండాకాలం సెలవుల్లోనే వేస్తాం. మీవాడికి అప్పుడు బలమే ఉండదంటున్నారు కదా."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

తర్వాత చాలా ఓపిగ్గా విడమరిచారు. పిల్లల చానల్లో ఒక ఎపిసోడ్ ఒకసారి వేసి ఊరుకోరు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మళ్లీ వారాంతంలో గంటల తరబడి తిప్పి తిప్పి వేస్తారు. ప్రకటనలకి గంటకి 12 నిమిషాలే హద్దు, పైగా పిల్లల చానల్లో ప్రకటన రేటు సీరియళ్ల చానల్‌తో పోల్చేది కాదు. కాబట్టి యానిమేషన్‌కి పెట్టిన డబ్బు రావాలంటే అదే ఎపిసోడ్ ఏళ్ల తరబడి ఆడాలి. ఏ రోజు ఏది పడితే అది ఆడాలి. ఆరేళ్ల పిల్లాడు స్కూల్నుంచి వచ్చి టీవీ పెట్టేసరికి ఎనిమిదో ఎపిసోడ్ సగంలో ఉంటుంది. వాడికి ఆ సగమే పూర్తి కథ అయి తీరాలి.

"టీన్ టైటన్స్ చూశారా మీరు?" అని అడిగారు. చూడకేం, కుర్ర సూపర్ హీరోల జట్టు కార్టూన్. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలై, సీజన్‌కి ఒక పెద్ద కథ చొప్పున నడిచి, 2006లో 65 ఎపిసోడ్లతో ఆగిపోయింది. అవే పాత్రలు, ప్రధాన పాత్రలకి అవే గొంతులు. వాటితోనే 2013లో టీన్ టైటన్స్ గో మొదలుపెట్టారు. పదకొండు నిమిషాల ముక్కలు, దేనికదే, అంతా అల్లరి. అది 400 దాటింది. నాలాంటివాళ్లు మొదటిదాన్ని గుండెకి హత్తుకుంటారు. ప్రోగ్రామింగ్ చార్టు రెండోదాన్ని హత్తుకుంటుంది.

ఆ రాత్రి నుంచి కథ పక్కనపెట్టి ఏ హీరో ఎందుకు ఆగిపోయాడో చదవడం మొదలుపెట్టాను. ఇది నా పనిలో భాగం కాదు గానీ లేకపోతే నిద్రపట్టేది కాదు.

అమెరికాలో ఈ 65 అనే అంకె మాటిమాటికీ తగులుతుంది. వారానికి ఐదు రోజులు, 13 వారాలు వేస్తే 65. సంవత్సరంలో నాలుగు చుట్లు తిప్పొచ్చు. 1992 సెప్టెంబరులో ఫాక్స్ కిడ్స్‌లో వచ్చిన బ్యాట్‌మన్ యానిమేటెడ్ సిరీస్‌కి మొదటి ఆర్డరే 65. బడి వదిలాక సాయంత్రం పూట బాగా ఆడింది. ఆ ఊపులో డిసెంబరు నుంచి ఆదివారం ప్రైమ్ టైమ్‌లో కూడా వేశారు. అదే సమయానికి ఇంకో చానల్లో 60 మినిట్స్ అనే వార్తా కార్యక్రమం, ఇంటిల్లిపాదీ చూసేది. రేటింగులు రాలేదు, కొన్ని నెలలకే ఆ స్లాట్ తీసేశారు. కార్టూన్ అదే, వేళ మారిందంతే.

ఇంతకంటే ఎక్కువ బాధపెట్టింది యంగ్ జస్టిస్ అనే సూపర్ హీరో కార్టూన్. 2010లో మొదలైంది, గట్టి కథ, వరస తప్పితే ఏమీ అర్థం కాదు. 2012 అక్టోబరులో ఒక శనివారం పొద్దున్న కొత్త ఎపిసోడ్ కోసం కూర్చున్నవాళ్లకి వేరే ఏదో వచ్చింది. మళ్లీ జనవరిలోగానీ తిరిగి రాలేదు. మార్చితో అయిపోయింది. రేటింగులే కారణమని అందరూ అనుకున్నారు. నిర్మాత గ్రెగ్ వైస్‌మన్ తర్వాత చెప్పింది వేరు: షోకి డబ్బు ఆటబొమ్మల కంపెనీ ఒప్పందం మీద వచ్చేది, ఆ ఆటబొమ్మలు ఆగిపోయేసరికి షో కూడా ఆగింది. దాని పక్క స్లాట్‌లోనే ఆడిన గ్రీన్ లాంటర్న్‌దీ ఇంచుమించు ఇదే గోల. అదే హీరోతో 2011లో వచ్చిన సినిమా దెబ్బతిని, దాని ఆటబొమ్మలు అమ్ముడుపోక షాపుల్లో పేరుకుపోయాయి. కార్టూన్ బొమ్మలు తీసుకోవడానికి షాపులవాళ్లు ముందుకు రాలేదు. 26 ఎపిసోడ్లతో సరి. యంగ్ జస్టిస్ మాత్రం 2019లో స్ట్రీమింగ్‌లో మళ్లీ లేచింది. అక్కడ ఎపిసోడ్లు వరసగా ఉంటాయి, వేళ అంటూ లేదు.

అమెరికా సంగతి సరే, మన రేటింగులు ఎలా లెక్కపెడతారో మా బాబాయ్ దగ్గర అడిగాను. ఆయన కోనసీమలో పాతిక ముప్పై ఊళ్లకి కేబుల్ నడిపారు. స్తంభాల మీద వైర్లు లాగిన రోజుల నుంచి సెట్ టాప్ బాక్సుల దాకా చూసిన మనిషి.

"ఒకప్పుడు టీఆర్పీ మీటర్లు పట్నాల్లోనే ఉండేవమ్మా. మన పిల్లలు పొద్దస్తమానం చూసినా లెక్కలో లేరు. బార్క్ వచ్చాక 2015 నుంచి పల్లెటూళ్లని కూడా కలిపారు, ఆయ్."

బార్క్ అంటే ఇప్పుడు దేశంలో టీవీ రేటింగులిచ్చే సంస్థ. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 20 కోట్లకి పైనే. మీటర్లున్నవి 50 వేల పైచిలుకు. ఆ ఇళ్లు ఎవరివో కేబుల్ వాళ్లకి కూడా తెలియనివ్వరు. చానల్ శబ్దంలో చెవికి వినపడని గుర్తు ఒకటి కలిపి ఉంటుంది, మీటరు దాన్ని పట్టుకుంటుంది. ఎవరు చూస్తున్నారో తెలియడానికి ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక బటన్ ఉంటుంది. నాకు పట్టుకున్న బెంగ అదే. పిల్లల చానళ్లకి లెక్క 2 నుంచి 14 ఏళ్ల వాళ్లది. పిల్లాడు తన బటన్ నొక్కకుండా, తాతయ్య బటన్ మీదే కార్టూన్ చూశాడనుకోండి, ఆ గంట తాతయ్య ఖాతాలో పడుతుంది.

బాబాయ్ ఇంకో మాట చెప్పారు, అది ఏ ప్రోగ్రామింగ్ ఆవిడా చెప్పనిది. "సాయంత్రం ఆరున్నర దాటాక నీ గంగులు కాదు, ఎవడూ రాలేడు. రిమోటు మీ పిన్ని చేతిలో ఉంటది." 2019 ఫిబ్రవరిలో కొత్త టారిఫ్ వచ్చి ఎవరికి కావలసిన చానళ్లు వాళ్లే ఎంచుకోవాలన్నప్పుడు, ఆయన లైన్లలో చాలా ఇళ్లు ముందు తీసేసింది పిల్లల చానళ్లనేనట. సీరియల్ చానల్ తీస్తే ఇంట్లో యుద్ధం. పిల్లలకి ఎలాగూ ఫోను ఉంది.

దీని మీద ఇంకో ముడి. పిల్లల చానళ్లు చాలావాటికి దేశమంతటికీ బొమ్మ ఒకటే, శబ్దాలు మాత్రం హిందీ, తమిళం, తెలుగు అని వేరువేరు. అంటే తెలుగులో చూసే పిల్లాడికి కూడా వేళలు ఉత్తరాది లెక్కలోనే. మనకి మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఎండకి బయటికి పంపరు, పన్నెండున్నర దాటితే పిల్లలు టీవీ ముందే. ఏప్రిల్ నెలాఖరుకి సెలవులు, జూన్ రెండో వారానికి మళ్లీ బడి. ఉత్తరాదిలో చాలాచోట్ల మే మధ్యలో మొదలై జూన్ ఆఖరు దాకా సెలవులు. అక్కడి వేసవికి దాచిన కొత్త ఎపిసోడ్లు సగం ఆడేసరికి ఇక్కడ పిల్లలు పుస్తకాలకి అట్టలు వేసుకుంటుంటారు. సంక్రాంతికి మనకి బోలెడు సెలవులు గానీ ఆ మూడు రోజులూ కోనసీమలో టీవీ ఎవడు చూస్తాడు, కోడిపందేలు, ప్రభల తీర్థం వదిలేసి!

యానిమాటిక్‌ని మా అక్క పిల్లలకీ వీధిలో పిల్లలకీ వేసి చూపించాను. వాళ్లు ప్రోగ్రామింగ్ ఆవిడ పక్షమే. మూడో హెచ్చరిక ఎపిసోడ్ ముందు పెట్టమన్నారు, అయ్యాక మళ్లీ అదే పెట్టమన్నారు. ఎండాకాలం ఎపిసోడ్‌కి ఇద్దరు లేచి వెళ్లిపోయారు. తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే, గంగులు ముందు ఎందుకు ఏడ్చేవాడని అడిగింది. ఆ పిల్ల కోసమే 26 ఎపిసోడ్లూ రాశాను, కానీ ఆ పిల్ల ఒక్కతే చూస్తే స్లాట్ నిలబడదు.

మార్చడానికి కూర్చున్నాను. పదకొండు నిమిషాల ఎపిసోడ్లు, దేనికదే. అది కష్టమే గానీ అయ్యే పనే. అసలు చిక్కు బలం. ఏడాది పొడుగునా ఉండాలి. వరద బదులు పంట కాలువ నీళ్లు పెడదామనుకున్నాను. మా డెల్టాలో ఎండాకాలం వస్తే కాలువలు కూడా కట్టేస్తారు. బోరు మోటారంటే కరెంటు కోత. ఆఖరికి విసుగొచ్చి, కొబ్బరి బొండాం తాగితే బలం వస్తుందని రాసి పంపాను. లడ్డూ తిని బలం తెచ్చుకునే ఛోటా భీమ్ 2008 నుంచి దేశాన్ని ఏలుతుండగా ఈ ఐడియా ఎవరికి కావాలి అనుకుంటూనే పంపాను.

బొండాం వాళ్లకి తెగ నచ్చింది. వేసవి, దాహం, బొండాం అని ప్రకటనల వాళ్లు కూడా సంతోషించారట. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మూడో హెచ్చరిక నాడు గట్టుకి వీపు ఆనించి నిలబడిన పిల్లాడు ఇప్పుడు బొండాం తాగి త్రేన్చి, దొంగల పడవ తిరగేస్తున్నాడు. నిజం చెప్పాలంటే ఆ త్రేన్పు సీను బాగా వచ్చింది.

రెండు పైలట్ ఎపిసోడ్లకి, అంటే ముందు నమూనాగా తీసేవాటికి, ఒప్పందం కుదిరింది, అది కూడా కొత్త ఆర్థిక సంవత్సరం బడ్జెట్ వచ్చాకే. ఈ మధ్యలో ప్రోగ్రామింగ్ ఆవిడ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు, కొత్తాయనకి మొదట్నుంచీ చెప్పుకున్నాను. ఒప్పందంలో నేను గట్టిగా పట్టుబట్టింది ఒక్క దానికే: వరద కథ, ఆ మూడు హెచ్చరికలూ నావే, పుస్తకంగానో ఇంకోలాగానో వేసుకునే హక్కు నాకు ఉండాలని. స్పెక్టాక్యులర్ స్పైడర్‌మన్ గురించి చదివి ఉండడం ఇక్కడ అక్కరకొచ్చింది. 26 ఎపిసోడ్లకే అది ఆగిపోవడానికి కారణం జనం చూడకపోవడం కాదు, స్పైడర్‌మన్ టీవీ హక్కులు సోనీ నుంచి మార్వెల్‌కి తిరిగి వెళ్లిపోవడం. హక్కులు చేయి మారితే హిట్ కూడా మిగలదు. లాయరు బాగానే డబ్బు తీసుకున్నాడు, కానీ ఆ క్లాజు పెట్టించాడు.

పైలట్ స్క్రిప్టులు రెండూ పంపేశాను. ఒకవేళ వేసవిలో వేస్తే, మే మధ్య దాకా ఆగకుండా ఏప్రిల్ నెలాఖరులోనే మొదలుపెట్టమని, తెలుగు పిల్లలకి సెలవులు అప్పుడేనని మెయిల్లో ప్రత్యేకంగా రాశాను. చూద్దామండీ అని జవాబొచ్చింది.