కవరు, కుర్చీ, వైట్‌నర్

పోలింగ్‌కు రెండు రోజుల ముందు కోనసీమలో ఏ అరుగు మీద కూర్చున్నా మాట ఒకటే: కవరు వచ్చిందా, ఎంత పెట్టారు? ఆఫ్రికా ఎన్నికల్నీ ఇలాగే కవరు లెక్కన చూస్తే సగమే అర్థమవుతుంది.

కవరు అక్కడా ఉంది. నైజీరియాలోని ఎకిటి రాష్ట్రంలో దాని పేరు "దిబో కో సెబె", అంటే ఓటెయ్యి, కూర వండుకో. అక్కడ కాగితం బ్యాలెట్. వేలిముద్ర వేశాక పార్టీ మనిషి కంటబడేలా చూపించాలి, లేదా ఫోన్లో ఫొటో తీసి తేవాలి. అందుకే ఓటేసే చోటికి ఫోన్ తేవద్దని ఎన్నికల సంఘం ఆంక్ష పెట్టింది. మన దగ్గర వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు ఓటరుకు మాత్రమే కనబడి పెట్టెలో పడిపోతుంది. డబ్బిచ్చినవాడికి రుజువు దొరకదు కాబట్టే ఇద్దరి కవర్లూ తీసుకుని నచ్చినవాడికి వేసి రావడం కుదురుతోంది.

అసలు డబ్బు ఓటరు గుమ్మం దాకా రాకముందే పని కానిచ్చేస్తుంది. 2022లో నైజీరియా అధికార పార్టీ ఏపీసీ టికెట్ మీద అధ్యక్ష పదవికి నిలబడాలంటే ఫారాలకే 10 కోట్ల నైరాలు: ఆసక్తి తెలిపేదానికి 3 కోట్లు, నామినేషన్‌కు 7 కోట్లు. మాస్టారో, రైతో వరుసలోనే ఉండరు.

ఇక కుర్చీ. ఉగాండాలో 2011 ఫిబ్రవరి ఎన్నికలకు నెల ముందు, పథకాల పర్యవేక్షణ పేరు చెప్పి ఒక్కో ఎంపీకి 2 కోట్ల షిల్లింగులు ఇచ్చారు. అది పార్టీ సొమ్ము కాదు, ఖజానాది. ముసెవెని 1986 నుంచి అధ్యక్షుడు. 2005లో పదవీకాల పరిమితి తీసేశారు, 2017లో 75 ఏళ్ళ వయోపరిమితీ తీసేశారు. ఎన్నికల సంఘం సభ్యుల్ని పార్లమెంటు ఆమోదంతో నియమించేదీ ఆయనే. మన రాష్ట్రంలో 2019లోనూ, 2024లోనూ గద్దె మీదున్న పార్టీయే ఓడింది. కోడ్ అమల్లో ఉన్నన్నాళ్ళు కలెక్టర్ని, ఎస్పీని మార్చే అధికారం ఎన్నికల సంఘానిది. ఈ ఒక్క తేడా చాలా పెద్దది.

అయినా అక్కడా కుర్చీలు కదిలాయి. ఘనాలో 2016లో మహామా, జాంబియాలో 2021లో లుంగు, పదవిలో ఉండే ఓడారు. మలావీ సంగతి మరీ గట్టిది: 2019 ఎన్నికల ఫలితాల పత్రాల మీద అంకెల్ని వైట్‌నర్‌తో చెరిపి దిద్దారు. 2020 ఫిబ్రవరి 3న కోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. జూన్‌లో మళ్ళీ ఓటేస్తే ప్రతిపక్ష నేత చక్వేరా గెలిచాడు.

అందుకే నా కళ్ళెప్పుడూ బూత్ కాగితం మీదే. మన పార్టీ ఏజెంటు బూత్ నుంచి తెచ్చుకునే 17సీ ఫారంలో పోలైన ఓట్ల మొత్తమే ఉంటుంది. కెన్యాలో బూత్‌లోనే లెక్కపెట్టి, ఎవరికెన్నో 34ఏ ఫారంలో రాసి ఏజెంట్ల చేత సంతకాలు పెట్టిస్తారు. 2022లో ఆ ఫారాల ఫొటోలు జనమంతా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. చిక్కెక్కడంటే, బూత్‌లు 46,229. ప్రతిచోటా చీకటి పడ్డాక కూడా లెక్క తేలేదాకా కదలకుండా కూర్చునే మనిషి కావాలి. తిండి, బత్తెం అందకపోతే మధ్యలోనే లేచిపోతాడు. ప్రతిపక్షానికి డబ్బు అన్నిటికన్నా అవసరమయ్యేది ఆ ఒక్క రాత్రికే.