ఒక్క గుక్కలో పదహారు

గిలన్ బారీ సిండ్రోమ్. 2025 మొదట్లో పుణేలో కేసులు పెరిగినప్పుడు టీవీల్లో మారుమోగిన పేరు. జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గాక, ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద పడుతుంది. నాకు పాదాల్లో తిమ్మిరితో మొదలైంది. మియాపూర్‌లో మొదట చూసిన డాక్టరు "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని బి12 మాత్రలు రాశాడు. మర్నాటికి మెట్లు ఎక్కలేకపోయాను. ఆయన మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

పెద్దాసుపత్రి, నడుములో సూది, నరాల పరీక్ష అన్నీ చకచకా అయిపోయాయి. బరువుని బట్టి కిలోకి మొత్తం 2 గ్రాముల లెక్కన ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు 5 రోజుల పాటు ఎక్కించారు. దాని ఖరీదు ఇన్సూరెన్స్ వాళ్లు కట్టారు.

ఐసీయూలో మొదటి రాత్రి మాత్రం మర్చిపోలేను. ఈ జబ్బు ఊపిరి కండరాల దాకా పాకితే వెంటిలేటరే. అందుకే నర్సు మాటిమాటికీ వచ్చి, ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమనేది. సాయంత్రం 30 దాకా వెళ్లాను. తర్వాత 24. అర్ధరాత్రి దాటాక 16. డ్యూటీ డాక్టరు నా మంచం పక్కనే నిలబడి ఫోన్లో, "ఈ పేషెంట్‌కి తెల్లారేలోపు ట్యూబ్ పడుతుంది" అన్నాడు. కాళ్లూ చేతులూ పడిపోయాయి గానీ, నాకు చెవులు పనిచేస్తున్నాయి కదా!

ఆ నర్సు చల్లగా ఉండాలి. బయట కుర్చీలో ఉన్న మా మేనత్తని లోపలికి పిలిచింది. ఎవరూ రమ్మనకుండానే పాలకొల్లు నుంచి బస్సెక్కి వచ్చేసింది అత్త. నా నుదుటి మీద చెయ్యి వేసి, "అంకెలు పెరుగుతాయిలే అమ్మడూ, గోవిందా అనుకో. చిన్న తిరుపతికి మొక్కుకున్నాను" అంది. తెల్లారేసరికి కూడా 16 దగ్గరే ఉన్నాను. ట్యూబ్ పడలేదు. మందు పనిచేసిందంటారు డాక్టర్లు, స్వామి దయ అంటుంది అత్త. నేను రెండూ నమ్ముతాను.

అసలు కష్టం ఇంటికొచ్చాక తెలిసింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. అన్నం తినిపించాలి, బాత్రూంకి ఎత్తి తీసుకెళ్లాలి. ఒక రోజా రెండ్రోజులా, నెలల తరబడి. దీనికి ఇన్సూరెన్స్ రాదు. మా ఆయన ఒక్కడివల్ల అవుతుందా? బాబాయి కొడుకు నైట్ షిఫ్టుకి మారి, పగలు నన్ను ఫిజియోథెరపీకి మోసుకెళ్లాడు. పాప జడలూ బాక్సూ హోంవర్కూ కూకట్‌పల్లిలో తోడికోడలు చూసుకుంది. అత్త ఇల్లూ పొలమూ వదిలేసి నా దగ్గరే ఉండిపోయింది.

పెదనాన్న వాళ్లదీ ఈ ఊరే. వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. పైగా పెద్దమ్మ "ఇంక అది లేవదులే" అందట.

పాదాల్లో తిమ్మిరి పైకి పాకుతుంటే ఒక్కరోజు కూడా ఆగకండి, న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. బాబాయిల ఇళ్లలో, అత్తల ఇళ్లలో శుభకార్యాలకి లీవు దొరకలేదని మానేయకండి.

పెద్దమ్మ వాళ్లమ్మాయి పెళ్లి శుభలేఖ మొన్ననే వచ్చింది. వెళ్లి తీరాలంటోంది అత్త. కర్ర పట్టుకునైనా నడిచి వెళ్తాను. పెద్దమ్మ అన్న ఆ మాట మాత్రం ఇంకా మింగుడుపడలేదు.