నీలం మూత ట్యూబు

బండి మీద నుంచి పడి ఎడమ కాలు విరిగితే ఆరు వారాలు సిమెంటు కట్టుతో మంచంలో ఉన్నాను. కట్టు విప్పిన నాలుగో రోజుకి పిక్క రాయిలా బిగుసుకుంది. ముట్టుకుంటే వేడి, అడుగు వేస్తే ప్రాణం లేచిపోయేంత నొప్పి. అమ్మ కొబ్బరినూనె వెచ్చబెట్టి తెచ్చింది. నొప్పికి తట్టుకోలేక చెయ్యి వెయ్యనివ్వలేదు. అదే మంచిదైంది. డాప్లర్ స్కాన్ చూసి డాక్టరుగారు, "లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందయ్యా. గట్టిగా మర్దన చేసుంటే ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది" అన్నారు. అమ్మ ఆ గిన్నె చాలా రోజులు బయటికి తియ్యలేదు.

రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద రోజుకు రెండు హెపారిన్ సూదులు, రాత్రికి వార్ఫరిన్ మాత్ర. మాత్ర ఉండగా సూదులెందుకని అడిగాను. దెబ్బ తగిలితే రక్తంలోని ప్రోటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుతాయట. చివరికి త్రాంబిన్ పుట్టి, కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను దారాలుగా మారుస్తుంది. ఆ వలలో రక్తకణాలు చిక్కుకుంటే గడ్డ. ఆ ప్రోటీన్లలో 2, 7, 9, 10 నంబర్లవి పనిచెయ్యాలంటే విటమిన్ కె కావాలి, వార్ఫరిన్ దానికే అడ్డుపడుతుంది. కానీ ఇప్పటికే రక్తంలో తిరుగుతున్నవి అరిగిపోవాలి కదా, దానికి రోజులు పడుతుంది. అందాకా సూదులే కాపలా.

తర్వాత ఐఎన్‌ఆర్ పరీక్షలు, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క. నాకు 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే మళ్ళీ గడ్డ, బాగా పెరిగితే రక్తస్రావం. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుందని గోంగూర, తోటకూర విషమన్నట్టు అమ్మ వంటింట్లోకి రానివ్వలేదు. "మానొద్దమ్మా, వారానికి ఎన్నిసార్లు తినేవాడో అన్నిసార్లే పెట్టండి, మాత్ర మోతాదు దాన్నిబట్టి సరిచేస్తాను" అన్నారు డాక్టరుగారు.

ఐదో వారం 2.4 ఉన్నది ఆరో వారానికి 3.8 అయింది. తిండి మారలేదు, కొత్త మందులేవీ వెయ్యలేదు. మాత్ర ఆపేద్దామని నాన్న కంగారు. డాక్టరుగారు ఒక్కటే అడిగారు: "ట్యూబు గీత దాకా నిండిందా?"

నిండలేదు. నరం దొరక్క సగంలోనే ఆపేశారు. ఆ నీలం మూత ట్యూబులో ముందే సిట్రేట్ ద్రవం ఉంటుంది. రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టనివ్వదు. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు ద్రవం లెక్క. ల్యాబులో కణాలు తీసేసిన రక్తద్రవాన్ని, అంటే ప్లాస్మాని వేరుచేసి, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే త్రాంబోప్లాస్టిన్, కాల్షియం కలిపి ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూస్తారు. రక్తం తక్కువైతే మిగిలిన సిట్రేట్ ఆ కాల్షియాన్నీ పట్టేస్తుంది, సెకన్లు పెరుగుతాయి, దాంతో ఐఎన్‌ఆర్ కూడా. మర్నాడు మళ్ళీ తీయిస్తే 2.6 వచ్చింది. ఆ తప్పు లెక్క నమ్మి మాత్ర ఆపి ఉంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి సూది గుచ్చాక నా చూపు ట్యూబు మీదే. మూడో నెల చివర్లో స్కాన్‌లో సిర తెరుచుకుంది, మాత్ర ఆపవచ్చన్నారు. అంతకు ముందు చేసిన ఆఖరి పరీక్షకి, నేను నోరు తెరవకముందే ల్యాబు కుర్రాడు ట్యూబును వెలుతురుకి ఎత్తిపట్టి చూపించాడు. "గీత దాకా వచ్చిందన్నా, చూస్కో."