కలెక్టరేట్‌లో ఈ-ఆఫీస్: నా అనుభవం

కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వారి ఈ-ఆఫీస్‌ను, అంటే ఫైళ్లను ఆన్‌లైన్‌లో నడిపే పద్ధతిని, జిల్లా కార్యాలయంలో నిలబెట్టే పని చేపట్టగానే మొదట సెక్షన్ల పర్సనల్ రిజిస్టర్లు (ఒక్కో గుమస్తాకు వచ్చిన కాగితాల పద్దు) తెప్పించాను. ఏ సీటులో ఎన్ని కరెంట్లు (వచ్చిన ఉత్తరాలు) పెండింగో తేలందే స్కానింగ్ ఎంతుందో అంచనా దొరకదు. మూయదగ్గవి ఆర్.డిస్, డి.డిస్ అనే ముగింపు వర్గాల కింద మూసి రికార్డు రూముకు పంపాం. చచ్చిన ఫైళ్లను స్కాన్ చేయించడమంత దండగ ఇంకోటి లేదు.

ఈ-ఆఫీస్‌లో ఎక్కించే ఉద్యోగుల జాబితాను (మాస్టర్) జీతాల బిల్లుతో సరిచూడాలి. సీనియారిటీ జాబితా ఎక్కిస్తే రిటైరైనవాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు.

స్కానింగుకు 200 డీపీఐ స్పష్టత, నలుపు-తెలుపు పీడీఎఫ్ చాలు. రంగులో తీస్తే సైజు పెరిగి అప్‌లోడ్ ఆగిపోతుంది. ట్యాగు విప్పకముందే పేజీ నంబర్లు వేయించాలి, లేకపోతే ఉత్తరాలుండే కరెంట్ ఫైలు వరుస చెదురుతుంది. ఆఫీసు రాతలుండే నోట్‌ఫైల్‌ను వేరే పీడీఎఫ్‌గా ఉంచాం. సెలవులు, ఇంక్రిమెంట్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌తో మొదలుపెట్టి, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) స్కెచ్‌లుండే భూముల ఫైళ్లను చివరికి ఉంచాం.

అసలు పేచీ పేషీలోనే, అంటే పై అధికారి సొంత ఆఫీసులోనే. ఆన్‌లైన్‌లో వచ్చిన ఫైలును ప్రింటు తీస్తారు, అయ్యగారు దానిమీద ఆకుపచ్చ సిరాతో రాస్తారు, సీసీ (క్యాంపు క్లర్కు) అదే టైపు చేసి ఆయన డిజిటల్ సంతకం డాంగిల్‌తో పంపేస్తాడు. పని రెట్టింపు. పైగా పిన్ ఇంకొకరి చేతిలో పెట్టాక, రేపు విచారణలో ఆ సంతకం నాది కాదంటే ఎవరు వింటారు? కిందివాళ్లకు శిక్షణ తరగతులు ఎన్ని పెట్టినా ఇది మారదు. కలెక్టర్, జేసీ (జాయింట్ కలెక్టర్), డీఆర్వో (జిల్లా రెవెన్యూ అధికారి) తమ లాగిన్‌లో తామే రాయాలి, కాగితం ఫైలు వస్తే చూడకుండా వెనక్కి పంపాలి. కోర్టు అఫిడవిట్లకు మాత్రం మినహాయింపు ఇచ్చాం. ఈ-ఆఫీస్‌లో ఖరారు నోటైన గ్రీన్ నోట్ ఒకసారి పంపాక దిద్దలేం కాబట్టి, భయపడే సీనియర్ అసిస్టెంట్లను ముందు ఎల్లో నోట్‌లో ముసాయిదా రాయమన్నాం.

సమీక్షలో ఎన్ని ఫైళ్లు తెరిచారని అడగకూడదు. అడిగితే ఉత్తరానికో ఫైలు పుడుతుంది, పాత సంగతి ఒకచోట, కొత్తది ఇంకోచోట పడుతుంది. ఏ ఫైలు ఏ సీటులో ఎన్నాళ్లుగా ఉందో పెండెన్సీ రిపోర్టు చూసి అడగాలి. బదిలీ అయినవారి ఖాతాలోని ఫైళ్లు కొత్తవారికి మార్చిన తర్వాతే రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టాలి. లేదంటే అవి పాత లాగిన్‌లోనే ఉండిపోతాయి, అర్జీదారు మాత్రం ప్రజా ఫిర్యాదుల రోజు కొత్త సీటు ముందు నిలబడతాడు.