యార్క్‌లో వైకింగుల ఇళ్ల మధ్య

ఇంగ్లండ్‌లోని యార్క్‌లో జోర్విక్ వైకింగ్ సెంటర్ అనే మ్యూజియం చూసొచ్చాం. వైకింగులంటే వెయ్యేళ్లకు పైగా కిందట డెన్మార్క్, నార్వే వైపు నుంచి ఓడల్లో దండెత్తి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. సినిమాల్లో చూపించే కొమ్ముల టోపీలు వాళ్లు నిజంగా పెట్టుకున్నట్టు ఆధారాల్లేవని తెలిసి మావాడు మొహం మాడ్చుకున్నాడు. నేనేమో దువ్వెనల దగ్గర అతుక్కుపోయాను. జింకలు రాల్చిన కొమ్ములు ఏరుకొచ్చి, చిన్న చిన్న పలకలుగా కోసి, రెండు పట్టీల మధ్య మేకులతో బిగించి, ఆ తర్వాత ఒక్కో పన్నూ రంపంతో కోసేవాళ్లట. ఎంత ఓపిక! పక్కనే పదో శతాబ్దపు ఉన్ని మేజోడు, ఒకే సూదితో అల్లింది.

1976 నుంచి 1981 దాకా కాపర్‌గేట్ వీధిలో తవ్వితే బయటపడ్డ సామానే ఇక్కడ ఎక్కువ. నేల చెమ్మగా ఉండబట్టి కర్ర, తోలు, బట్ట కుళ్లిపోలేదు. తడికెల గోడల ఇళ్లు, పెరట్లోనే దొడ్డిగుంటలు. 1972లో ఊళ్లో ఇంకోచోట దొరికిన గట్టిపడ్డ మలం కూడా అద్దాల పెట్టెలో పెట్టారు, నవ్వకండి! అందులో కడుపులో పురుగుల గుడ్లు బోలెడు. యుద్ధాల సంగతేమో గానీ, కడుపునొప్పి మాత్రం వదిలుండదు పాపం.

మంచు మీద జారడానికి ఎముకతో చేసిన స్కేట్లు చూశాకే మావాడి అలక తీరింది.