ఒకే ప్లేటు, రెండు రకాల మంట

ఎపాక్సీ ప్లేటు కింది చివర నుంచి కోసిన ముక్క మూడు సెకన్లకే ఆరిపోయింది. అదే ప్లేటు పై చివరి ముక్క మాత్రం క్లాంపు దాకా కాలింది. ఇవాళ యూఎల్-94 (ప్లాస్టిక్ ఎంత తేలిగ్గా మండుతుందో చూసే) నిలువు మంట పరీక్షలో కనిపించిన తమాషా ఇది.

ఫార్ములాలో తప్పేం లేదు. గాజు పలకల మధ్య నిలువుగా పోశారు. ఓవెన్ వేడికి ఎపాక్సీ నీళ్లలా పలచబడి, మంటని ఆపడానికి కలిపిన అమోనియం పాలీఫాస్ఫేట్ పొడి అడుక్కి దిగింది. ఫాస్ఫరస్ లేనిచోట మంటని అడ్డుకునే బొగ్గు పొర ఎక్కణ్ణుంచి కడుతుంది?

ఇలాంటి చోట పాలీఈథర్‌సల్ఫోన్ అనే గట్టి ప్లాస్టిక్ రెండు పనులు చేస్తుంది. 100 పాళ్ల ఎపాక్సీకి 15 పాళ్లు, 130 డిగ్రీల దగ్గర కలుపుతూ పూర్తిగా కరగనివ్వాలి. అలా చిక్కబడిన ఎపాక్సీ, పొడిని అంత తేలిగ్గా దిగనివ్వదు. ఎపాక్సీ క్యూర్ అయ్యేటప్పుడు, అంటే గట్టిపడేటప్పుడు, పాలీఈథర్‌సల్ఫోన్ విడి దశగా ఏర్పడి పగులుకి అడ్డం పడుతుంది. పొడి తెచ్చే పెళుసుదనానికి విరుగుడు అదే. మరీ తక్కువ వేస్తే టఫ్‌నెస్‌లో (పగులుని తట్టుకునే గుణంలో) చెప్పుకోదగ్గ తేడా రాదు.

అది కరిగాకే బాగా ఆరబెట్టిన పొడి, చివర్లో డీడీఎస్ అనే హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచేది). హార్డెనర్ కరగగానే వ్యాక్యూమ్ పెట్టాలి; ఆలస్యమైతే ఆ చిక్కదనంలో బుడగలు బయటికి రావు. ఆ తర్వాత 180 డిగ్రీలు, 2 గంటలు.

సీటీబీఎన్ రబ్బరుతోనూ పగులు ఆగుతుంది. కానీ అది స్వయంగా మండే సరుకు, మంట పరీక్ష ఉన్న పనికి నాకు నచ్చదు.

అన్నట్టు, పొడి దిగిందో లేదో మంట పెట్టకుండానే తెలుస్తుంది. ఎపాక్సీ సాంద్రత దాదాపు 1.2, పొడిది 1.9. ఒకే కొలతతో కోసిన పై ముక్కా కింది ముక్కా తూచి చూడండి.