పత్తి కాలంలో ఆరాధన వేళ మార్చుకున్నాం

అక్టోబరు నుంచి జనవరి దాకా మా చర్చిలో స్త్రీలు కూర్చునే వైపు సగానికి పైగా ఖాళీగా ఉండేది. డోర్నకల్ అధ్యక్ష మండలంలో, అంటే డోర్నకల్ బిషప్ కింద ఉన్న ప్రాంతంలో, ఒక పల్లె క్రైస్తవ సంఘానికి నేను కాపరిని. మా వాళ్లలో ఎక్కువమంది పత్తి ఏరే కూలీలు. తేమ 12 శాతం దాటిన పత్తిని ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ తీసుకోదు కాబట్టి మంచు ఆరాకే చేలో దిగుతారు. సరిగ్గా అదే వేళకు, ఆదివారం పదిన్నరకు, మా ఆరాధన గంట మోగేది. కిలో లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ పూట పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు. వాళ్లకు భక్తి తగ్గిందని ఎవరైనా అంటే నాకు చాలా బాధ కలిగేది.

ఆ నెలల్లో సాయంత్రం ఏడింటికి ఆరాధన పెట్టుకుందామని సంఘం వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీలో అడిగాను. చేతులెత్తి తేల్చేద్దామన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. కమిటీలో పత్తి ఏరేవాళ్లు ఒక్కరూ లేరు. ముందు ఇల్లిల్లూ తిరిగి వస్తానని గడువు అడిగాను.

అసలు సంగతులు అక్కడే బయటపడ్డాయి. కమిటీలో గట్టిగా కాదన్న పెద్దాయన చేలోనే మా స్త్రీలు ఆదివారం పత్తి ఏరుతున్నారు. ఆ మాట నలుగురిలో ఎత్తితే ఆయన పట్టుదలకు పోతారు, వాళ్ల కూలి పోతుంది. అందుకే ఆయన ఇంటికి వెళ్లి, ఎవరూ లేనప్పుడు అడిగాను. చాలాసేపటికి నోరు విప్పారు. "అయ్యగారూ, పదిన్నర గంట మా నాయన కొట్టేవాడు. ఆయన పోయాక నేను కొడుతున్నాను. చీకటి పడితే నాకు చూపు ఆనదు." వేళ మారితే గంట తాడు వేరొకరి చేతికి పోతుందని ఆయన భయం.

స్త్రీల మైత్రి కూడికలో ఒక ముసలమ్మ ఇంకో సంగతి చెప్పింది. తన చిన్నప్పుడు అందరూ పనుల నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాకే ఉపదేశి, అంటే పల్లెలో ప్రార్థనలు జరిపించే బోధకుడు, గంట కొట్టేవాడట. 1912లో డోర్నకల్ తొలి బిషప్ అయిన అజరయ్య గారి కాలంలో ఈ పల్లెల్లో పగలంతా పొలాల్లో ఉండే జనానికి సాయంత్రమే ప్రార్థనలు జరిపేవారు. ఆమెనే కమిటీకి తీసుకెళ్లి చెప్పించాను. అదే మాట నేను చెబితే ఎవరూ అంత శ్రద్ధగా వినేవారు కాదు.

పత్తి ముగిసేదాకా చూద్దాం, సంక్రాంతి తర్వాత మళ్లీ కూర్చుందాం అన్న షరతు మీద అందరూ ఒప్పుకున్నారు. పెద్దాయనను చేయి పట్టుకుని తీసుకొచ్చే పని యువకులు తీసుకున్నారు, గంట ఆయనే కొట్టారు. వంట ఆలస్యమవుతోందని స్త్రీలు అంటే ప్రసంగం ఇరవై నిమిషాలకు కుదించాను.

రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారపు ఆరాధన దగ్గర పేచీ వచ్చింది. ఉపవాసంతోనే ప్రభువు బల్లకు వచ్చే వృద్ధులు సాయంత్రం దాకా ఎలా ఆగగలరు? నెలలో మొదటి ఆదివారం తెల్లవారుజామున, చేలకు బయలుదేరకముందే దాన్ని జరుపుకున్నాం.

సంక్రాంతి తర్వాత, ఏటా పత్తి కాలమంతా ఇదే వేళ అని తీర్మానం రాసుకున్నాం. పత్తి ఏరే స్త్రీలు ఇద్దరిని కమిటీలోకి తీసుకున్నాం. రెండు కుటుంబాలు మాత్రం ఇప్పటికీ సాయంత్రం రావడం లేదు. ఆదివారం పదిన్నరకు నేనే వాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసి వస్తున్నాను.